మ్యాప్‌స్క్రిప్ట్ లైబ్రరీ లోపాలు
మ్యాప్‌సర్వర్ 1990ల మధ్యలో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో నాసా సహకారంతో రూపొందిన ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్. దాని పనులను పీహెచ్‌పీ, పైథాన్, పెర్ల్, జావా వంటి భాషల నుంచి చేయించే లైబ్రరీయే మ్యాప్‌స్క్రిప్ట్. సర్వర్‌లో ఇది లేకపోతే పైథాన్ ప్రోగ్రాం మాడ్యూల్ దొరకలేదంటూ ఆగిపోతుంది. పీహెచ్‌పీలో ‘మ్యాప్‌ఆబ్జ్’ క్లాసు లేదనే దోషం కనిపిస్తుంది.

కారణాలు ప్రధానంగా నాలుగు. లినక్స్ పంపిణీల్లో మ్యాప్‌స్క్రిప్ట్ తరచుగా విడి ప్యాకేజీగా ఉంటుంది. మ్యాప్‌సర్వర్‌తోపాటు దానంతటదే రాదు. ప్యాకేజీ ఉన్నా పీహెచ్‌పీ సెట్టింగుల ఫైలులో ఎక్స్‌టెన్షన్ వరుస లేకపోవచ్చు. కమాండ్ లైన్‌కు, వెబ్ సర్వర్‌కు వేర్వేరు సెట్టింగుల ఫైళ్లుంటే ఒకచోట నడిచే ప్రోగ్రాం మరోచోట నడవదు. లైబ్రరీని ఒక భాషా వెర్షన్‌కు కంపైల్ చేసి మరో వెర్షన్‌తో వాడినా అది లోడు కాదు. జీడాల్, ప్రోజ్ వంటి ఆధార లైబ్రరీలు లేకపోవడం నాలుగో కారణం.

కారణం తెలుసుకోవడానికి ముందుగా వెబ్ సర్వర్ దోషాల లాగ్ చూడాలి. తర్వాత మాడ్యూల్ ఫైలుపై ‘ఎల్‌డీడీ’ ఆదేశం నడిపితే దొరకని లైబ్రరీల పేర్లు బయటపడతాయి. వాటిని స్థాపించి, ‘ఎల్‌డీకాన్ఫిగ్’ నడిపి, వెబ్ సర్వర్‌ను తిరిగి ప్రారంభించాలి.

2022లో విడుదలైన మ్యాప్‌సర్వర్ 8.0 వెర్షన్‌లో పాత పీహెచ్‌పీ మాడ్యూల్‌ను తొలగించారు. దాని స్థానంలో స్విగ్ అనే సాధనంపై ఆధారపడిన మాడ్యూల్‌నే వాడాలి. పాత ప్రోగ్రాంలను అందుకు తగినట్లు సవరించుకోవాలి.