కార్తె మాట, దూడ మాట
నర్సీపట్నం చుట్టుపక్కల మెట్టరైతు వాన లెక్క గుడ్డినమ్మకం కాదు. సూర్యుడు 27 నక్షత్రాల్లో ఒక్కోదాన్ని దాటే కాలమే కార్తె. సుమారు 13, 14 రోజులు. అందుకే మృగశిర ఏటా జూన్ 7, 8 తేదీల్లోనే వస్తుంది; నైరుతి రుతుపవనం కూడా కాస్త అటూఇటూగా అప్పుడే ఉత్తరాంధ్రను తాకుతుంది. తిథి లెక్కన నడిచే ఏరువాక పున్నమి మాత్రం ముందువెనకలవుతుంది. ఎడ్లను కడిగి, కొమ్ములకు రంగులు పూసి, పనికి ముందే మర్యాద చేసే రోజది.

మరి ఏ ఏడు వాన ఎగ్గొడుతుందో కార్తె చెప్పగలదా అంటే, చెప్పలేదు. 1875లో ఏర్పడ్డ వాతావరణ శాఖకూ ఊరూరి చినుకు లెక్క కష్టమే. ఆ లోటు పూడ్చుకోవడానికే రైతు గుడ్లు మోసే చీమల్నీ, తోకెత్తి పరుగెత్తే దూడల్నీ గమనించాడు. దూడ ఉత్త హుషారుతోనూ గెంతుతుంది, నిజమే. అందుకే గాలీ మబ్బూ తోడైతేనే దాని సాక్ష్యం చెల్లేది. తెలిసిన రైతెవరూ దూడ గెంతిందని విత్తనం చల్లలేదు. నేల పదును చూసుకునే ఏరు కట్టారు.