విడిభాగాల బొమ్మ: అమరావతి పలక నుంచి ప్లాస్టిక్ కిట్ వరకు

ప్లాస్టిక్ మోడల్ కిట్ అనే ఆటవస్తువులో రెండు వేర్వేరు ఆలోచనలు ఒకటిగా కలిసిపోయి ఉన్నాయి. పెద్ద వస్తువును ఒక లెక్క ప్రకారం కుదించి చిన్న ప్రతిరూపంగా చూపడం మొదటిది. ఆ ప్రతిరూపాన్ని తయారుచేసి చేతికివ్వకుండా విడిభాగాలుగా ఇచ్చి, కూర్చే పనిని పిల్లలకే వదిలిపెట్టడం రెండోది. మొదటిదాన్ని నమూనా అంటారు, రెండోదానికి కూర్పు అనే మాట చాలు. ఈ రెండూ ఒక అట్టపెట్టెలోకి చేరింది ఇరవయ్యో శతాబ్దంలోనే అయినా విడివిడిగా వాటి వయస్సు వేల ఏళ్లు. రెండూ ఒకేచోట, అందులోనూ రాతిలో, కనిపించే ఊరు పల్నాడు జిల్లాలో కృష్ణ కుడిగట్టున ఉన్న అమరావతి కాబట్టి, ఈ బొమ్మ పుట్టుపూర్వోత్తరాలను అక్కడినుంచి చూడడం సమంజసంగా ఉంటుంది.

కూర్చే బొమ్మకు ఈ దేశంలో దొరికిన అతి పాత సాక్ష్యం మట్టిబండి. హరప్పా నాగరికతకు చెందిన స్థలాల తవ్వకాల్లో బండి చట్రాలు, చక్రాలు విడివిడిగా కాల్చినవి బయటపడ్డాయి. చట్రానికి ఉంచిన రంధ్రాల్లో పుల్లలు గుచ్చి ఇరుసును, కాడిని అమర్చుకునేవారనీ, ఆ పుల్లలు కాలక్రమాన నశించి మట్టిభాగాలే మిగిలాయనీ పరిశోధకులు గ్రహించారు. శూద్రకుని మృచ్ఛకటికం పేరుకు అర్థమే మట్టిబండి. బంగారు బండి కావాలని ఏడ్చే రోహసేనుడి కోసం వసంతసేన తన నగలను ఆ మట్టిబండిలో నింపడం నాటకాన్ని మలుపు తిప్పే ఘట్టం కాగా, ఆనాటికి మట్టిబండి పిల్లల చేతుల్లో మామూలు ఆటవస్తువై ఉండేదని కూడా దానివల్ల తెలుస్తుంది.

పలనాటి పిల్లలకు మట్టికంటే దగ్గరగా దొరికింది జొన్న చొప్ప. శ్రీనాథునివిగా ప్రచారంలో ఉన్న చాటువులు ఈ సీమ జొన్నకూటిని ఊరూరా ప్రసిద్ధం చేశాయి. ఆ పంట మనుషులకు తిండిని, పశువులకు మేతను ఇచ్చినట్లే పిల్లలకు బొమ్మల సరంజామాను కూడా ఇచ్చింది. ఎండిన జొన్నకర్రలో రెండు పదార్థాలు ఉంటాయి. పైన గట్టిగా, నున్నగా ఉండి సన్నని పుల్లలుగా చీలే తొక్క ఒకటి, లోపల తేలికగా, మెత్తగా ఉండి పుల్ల గుచ్చితే విరగకుండా పట్టుకునే బెండు మరొకటి. కణుపుల దగ్గర కోసి, తొక్కను ఒలిచి, బెండును ముక్కలుగా తరిగి, ఒలిచిన తొక్కనే చీలలుగా చేసి ముక్కకు ముక్కను గుచ్చితే బండి తయారవుతుంది. ఇందులో జిగురు ఉండదు, మేకు ఉండదు. కూర్పుకు కావలసినదంతా ఒకే కర్రలోనుంచి వస్తుంది. ఈ పద్ధతిలోని పొదుపును, తెలివిని ఏ బొమ్మల కంపెనీ కూడా ఇంతవరకు మించలేదని చెప్పడం అతిశయోక్తి కాదు.

అంతకన్నా ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. బెండు బండి చేసే పిల్ల ముందుగా అసలు బండిని భాగాలుగా చూడడం నేర్చుకోవాలి. ఇరుసు ఎక్కడ దూరుతుంది, నొగ ఎక్కడ మొదలై కాడిని ఎక్కడ కలుస్తుంది, చక్రం ఊడిపోకుండా చీల ఏ వైపు పడుతుంది అన్నవి తెలియకపోతే బండి నిలబడదు. అందువల్ల ఇంటి ముందు విప్పి ఉన్న ఎడ్లబండి దగ్గర కూర్చుని చూసిన చూపే దానికి సూచనపత్రం. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదిలిన తరువాత మాగాణి పెరగడం, మెట్టలో పత్తి, మిరప విస్తరించడం వల్ల జొన్న తగ్గిపోయింది. ట్రాక్టర్లు వచ్చి ఎడ్లబండ్లూ తగ్గాయి. ఆ విధంగా బొమ్మకు కావలసిన ముడిపదార్థం, చూసి చేయవలసిన అసలు వస్తువు రెండూ దాదాపు ఒకే తరంలో కనుమరుగయ్యాయి.

అమరావతికి కృష్ణ ఆవలి గట్టున, దిగువవైపున ఉన్న కొండపల్లిలో కూర్పు ఒక వృత్తిగా సాగుతున్నది. తేలికైన తెల్లపొణికి కర్రతో బొమ్మ అవయవాలను విడివిడిగా చెక్కి, చింతపిక్కల ముద్దలో రంపపు పొట్టు కలిపి చేసే మక్కు అనే పదార్థంతో వాటిని అతికి, అతుకు కనిపించకుండా నునుపు చేసి రంగులు వేస్తారు. ప్లాస్టిక్ కిట్‌లో జరిగే పనులన్నీ ఇక్కడ ఉన్నాయి. అయితే కూర్చే ఆనందం కళాకారుడి ఇంట్లోనే ఉండిపోయి, కొనుక్కున్నవారికి పూర్తయిన బొమ్మ మాత్రమే చేరుతుంది.

ఇక అమరావతి మహాచైత్యం. క్రీస్తుపూర్వపు శతాబ్దాల్లో మొదలై శాతవాహనుల కాలంలో, ముఖ్యంగా క్రీస్తుశకం రెండు, మూడు శతాబ్దాల్లో పూర్తి వైభవానికి వచ్చిన ఈ స్తూపంలో గుండ్రని పీఠాన్ని మేధి అనీ, దానిపై గుమ్మటాన్ని అండం అనీ, శిఖరాన ఉండే చతురస్రపు అరను హర్మిక అనీ అంటారు. మేధి వ్యాసం సుమారు 50 మీటర్లు. నాలుగు దిక్కులా ముందుకు పొడుచుకొచ్చిన వేదికల మీద అయిదేసి చొప్పున నిలిపినవి ఆయక స్తంభాలు. అన్నిటికీ చుట్టూ 192 అడుగుల, అంటే దాదాపు 59 మీటర్ల, వ్యాసంతో రాతి ప్రాకారం ఉండేది.

ఆ ప్రాకారం పూర్తిగా విడిభాగాల కూర్పు. నిలువు కంబాలకు రెండు పక్కలా మూడేసి తొర్రలు తొలిచి, ఒక కంబం నుంచి మరో కంబానికి అడ్డుపట్టీలను వాటిలో దూర్చి, పైన ఉష్ణీషం అనే తలకట్టు రాళ్లను వరుసగా ఎక్కించారు. ఇది వడ్రంగి పని. కర్రకంచెకు వాడే పొందికనే రాతిలోకి తీసుకువచ్చారు. అడ్డుపట్టీని సూచి అన్నారు, అంటే సూది. కంబంలోకి సూదిని గుచ్చినట్లు రాతిని గుచ్చిన ఆ శిల్పుల మాటకు, బెండులోకి పుల్లను గుచ్చే పిల్లల చేతికి చుట్టరికం ఉంది. భాగాల మీద బ్రాహ్మీ లిపిలో, ప్రాకృతంలో దాతల పేర్లు చెక్కి ఉండడం వల్ల ఒక కంబాన్ని ఒకరు, ఒక సూచిని మరొకరు దానమిచ్చారని తెలుస్తుంది. గృహస్థులు, భిక్షుణులు, వర్తకులు, చేతిపనివారు ఆ దాతల్లో ఉన్నారు. ఒక మహాకట్టడాన్ని భాగానికొకరుగా పంచుకుని నిలబెట్టారన్నమాట.

కూర్పు సంగతి ఇది కాగా, నమూనా సంగతి ఇంకా ఆశ్చర్యకరం. మేధి చుట్టూ తాపిన పలకల్లో కొన్నిటి మీద శిల్పులు ఆ స్తూపాన్నే చెక్కారు: ప్రాకారం, ద్వారం దగ్గర సింహాలు, ఆయక స్తంభాలు, అండం, ఛత్రాలు, ప్రదక్షిణ చేసే జనం, ఆకాశంలో దేవతలు. స్తూపం తన ఒంటి మీద తన బొమ్మను తానే మోసింది. వీటిలో ప్రసిద్ధమైన ఒక పలక ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. ఎత్తు సుమారు 124 సెంటీమీటర్లు, వెడల్పు 86 సెంటీమీటర్లు. దాని మీద ప్రాకారం దాదాపు పలక అంచునుంచి అంచుదాకా వ్యాపించి ఉన్నందున, 59 మీటర్లను 86 సెంటీమీటర్లలో ఇమిడ్చినట్లు లెక్క వేస్తే ఆ కుదింపు సుమారు 70వ వంతు అవుతుంది. శిల్పి కొలబద్ద పట్టుకుని చెక్కలేదు, సింహాలను, మనుషులను కావాలనే పెంచాడు, కనుక ఈ అంకెను ఉజ్జాయింపుగానే తీసుకోవాలి. అయినా, అరచేతిలో ఇమడనంత పెద్దదీ, వివరం పోయేటంత చిన్నదీ కాకుండా ఉండే కొలత కోసం వెతికే చేతికి 70వ వంతు చుట్టుపక్కల ఏదో కుదురు దొరుకుతుందని అనిపిస్తుంది. ఎందుకంటే ప్లాస్టిక్ విమానాల కిట్లకు ఎక్కువగా స్థిరపడిన కొలత 72వ వంతు.

ఆ కొలత బ్రిటన్‌లో పుట్టింది. ఆరడుగులను ఒక అంగుళంగా తీసుకుంటే 72వ వంతు వస్తుంది. అంటే నిలువెత్తు మనిషి అంగుళమంత బొమ్మ అవుతాడు. 1932లో స్కైబర్డ్స్ అనే సంస్థ కర్ర, లోహపు భాగాలతో ఈ కొలతలో విమానాల కిట్లను అమ్మింది. 1936లో ఫ్రాగ్ అనే వ్యాపారనామంతో విమాన నమూనాలు చేస్తున్న సంస్థ అదే కొలతలో పూర్తిగా ప్లాస్టిక్ భాగాల కిట్లను తెచ్చి, అవి ఎగరవు కనుక ఎగరలేని పక్షి పేరు పెట్టి, పెంగ్విన్ అని పిలిచింది. అవి సెల్యులోజ్ అసిటేట్‌తో చేసినవి. కాలం గడిచేకొద్దీ వంకరపోయే గుణం ఆ పదార్థానికి ఉంది. పాలీస్టైరీన్ ఆ లోపాన్ని తీర్చింది. వేడికి చిక్కని ద్రవంగా మారే ఈ ప్లాస్టిక్‌ను ఉక్కు అచ్చులోకి ఒత్తిడితో ఎక్కించి చల్లార్చితే సన్నని గీత కూడా చెరగకుండా భాగాలు వస్తాయి. ద్రవం ప్రవహించిన కాలువలే గట్టిపడి, భాగాలన్నిటినీ కొమ్మకు కాయల్లా పట్టి ఉంచే చట్రమవుతాయి.

హంగేరీ నుంచి వచ్చిన నికొలస్ కోవ్ 1939లో లండన్‌లో స్థాపించిన ఎయిర్‌ఫిక్స్ మొదట గాలి నింపే రబ్బరు బొమ్మలు, ఆ తరువాత ప్లాస్టిక్ దువ్వెనలు చేసింది. 1949లో ఫెర్గుసన్ ట్రాక్టర్ కంపెనీ తన అమ్మకందారుల కోసం ట్రాక్టర్ నమూనాలు కోరగా, వాటిని బిగించి ఇవ్వడం శ్రమతో కూడిన పని కావడంతో ఆ బొమ్మను కొంతకాలానికి విడిభాగాలుగానే అమ్మారు. కొనేవారికి శ్రమ తగ్గించాలనే ఆలోచన వ్యాపారానికి సహజం. శ్రమను కొనేవారికే అప్పగిస్తే వారు దాన్ని సంతోషంగా స్వీకరిస్తారన్నది ఇక్కడ బయటపడిన కొత్త నిజం. 1950ల మొదట్లో గోల్డెన్ హైండ్ అనే ఓడ కిట్‌ను వూల్‌వర్త్స్ దుకాణాల్లో రెండు షిల్లింగులకు, పెట్టె ఖర్చు లేకుండా సంచిలో పెట్టి అమ్మడంతో అది సామాన్యుల పిల్లలకూ అందింది. వెంటనే స్పిట్‌ఫైర్ యుద్ధవిమానం వచ్చింది. అసలు విమానం రెక్కల నిడివి 11 మీటర్ల పైచిలుకు కాగా, 72వ వంతులో అది పదిహేనున్నర సెంటీమీటర్లకు దిగుతుంది. బ్రిటన్ ఆకాశయుద్ధంలో స్పిట్‌ఫైర్లు నడిపిన 152వ స్క్వాడ్రన్ పేరులో హైదరాబాద్ ఉందన్నదీ, నిజాం విరాళానికి గుర్తుగా ఆయన తలపాగా దాని చిహ్నమైందన్నదీ తెలుగు పాఠకులు గుర్తుంచుకోదగిన విషయం. జపాన్‌లోని షిజువోకాలో కర్ర వ్యాపారంగా మొదలై కర్ర కిట్లు చేసిన టామియా సంస్థ 1960లో యమాటో యుద్ధనౌకతో ప్లాస్టిక్‌లోకి మారింది.

భారతదేశంలో వినియోగ వస్తువుల దిగుమతి మీద పరిమాణ ఆంక్షలు 2001 ఏప్రిల్ 1 దాకా ఏదో ఒక మేరకు కొనసాగడం వల్ల, అంతకుముందు ప్లాస్టిక్ కిట్ పలనాటి ఇంటికి రావాలంటే విదేశంలో ఉన్న బంధువు పెట్టెలోనే రావాలి. దేశంలో తయారై పట్టణాల దుకాణాల్లో దొరికింది రంధ్రాల లోహపట్టీలను మరలతో బిగించే మెకానిక్స్. 1901లో ఫ్రాంక్ హార్న్‌బీ పేటెంటు పొందిన మెకానో దీనికి మూలం. అందువల్ల నరసరావుపేట, మాచర్ల, గురజాల వైపు పెరిగిన ఒక తరానికి తొలి కూర్పు బెండుతోనో, అగ్గిపెట్టెలతోనో జరిగితే, ఆ తరువాతివారికి ప్లాస్టిక్‌తో జరిగింది.

తొలి కిట్ జ్ఞాపకాలు ఎవరివైనా ఆశ్చర్యం కలిగించేంతగా ఒకదాన్నొకటి పోలి ఉండడానికి కారణం ఆ పదార్థంలోనే ఉంది. పాలీస్టైరీన్‌కు వాడే జిగురు నిజానికి అంటించదు, కరిగిస్తుంది. రెండు అంచులు కొద్దిగా కరిగి ఒకదానిలో ఒకటి కలిసి, ద్రావకం ఆవిరైపోయాక ఒకే ముక్క అవుతాయి. కాగితాలు అంటించే జిగురు రాసినవారి విమానం రెక్క రాత్రికి రాత్రే ఊడిపోవడానికీ, అసలు జిగురు తడిగా ఉండగా ముట్టుకున్నవారి వేలిముద్ర అద్దపు మూతమీద ఎన్నటికీ చెరగకుండా నిలిచిపోవడానికీ ఇదే హేతువు. భాగాన్ని కోయకుండా చేత్తో తుంచితే అంచున మిగిలే గాటు, వరుస తప్పి ముందే మూసేసిన కడుపులోకి ఇక దూర్చలేని చిన్న మనిషిబొమ్మ, నీళ్లలో నానబెట్టిన గుర్తుల కాగితం వేలికి చుట్టుకుని మడతపడడం, ఇవన్నీ తొలి కిట్ నేర్పే పాఠాలు. వాటిని ఏ సూచనపత్రమూ ముందుగా నేర్పలేదు. బొమ్మ పాడైతేనే అవి చేతికి వస్తాయి. ఆ పాడైన బొమ్మనే చాలామంది ఏళ్ల తరబడి దాచుకుంటారు.

మహాచైత్యం మాత్రం ఇందుకు తలకిందులుగా, పూర్తయిన తరువాత విడిభాగాలైంది. పద్దెనిమిదో శతాబ్దం చివర జమీందారు వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు అమరావతిని తన పట్టణంగా కట్టే రోజుల్లో మహాచైత్యం శిథిలాలున్న దీపాలదిన్నె అనే దిబ్బ నుంచి రాళ్లు తీశారు. ఈస్టిండియా కంపెనీ సర్వేయర్ కాలిన్ మెకంజీ అప్పుడు ఒకసారి చూసి, 1816లో తిరిగివచ్చి తన చిత్రకారులచేత కనిపించిన పలకలను గీయించాడు. పలనాటి సున్నపురాయి కావడం వల్ల చాలా పలకలు కాలి సున్నమయ్యాయి. 1845లో వాల్టర్ ఎలియట్ తవ్వించినవి మద్రాసు చేరి, వాటిలో చాలా భాగం 1859లో లండన్‌కు వెళ్లి, 1880లో బ్రిటిష్ మ్యూజియంలోకి వచ్చాయి. తరువాత సూయెల్, బర్జెస్, రే తవ్వించినవి మద్రాసు మ్యూజియంలో ఉన్నాయి. పెట్టె చిరిగి, భాగాలు పలు ఊళ్ల పాలైన కిట్ ఇది; దానికి మిగిలిన సూచనపత్రం ఆ స్తూపం బొమ్మలున్న పలకలే. ఆయక స్తంభాలు ఎక్కడ నిలిచేవి, సింహాలు ఎటు చూసేవి, గుమ్మటం ఎంత ఎత్తుగా ఊహించుకోవాలి అన్న ప్రశ్నలు వచ్చినప్పుడు పునర్నిర్మాణ చిత్రాలు గీసినవారంతా ఆ పలకలనే ఆశ్రయించారు. అమరావతి హెరిటేజ్ సెంటర్ మ్యూజియంలో నేటి పిల్లలు చుట్టూ తిరిగి చూసే స్తూప నమూనాకు కూడా ఆధారం దాదాపు పద్దెనిమిది వందల ఏళ్ల కిందటి శిల్పి చేసిన ఆ చిన్న నమూనాయే.

లండన్‌లోని ఆ పలకకు వెనుకవైపు కూడా శిల్పం ఉంది. క్రీస్తుపూర్వం ఒకటో శతాబ్దంలో దాని మీద బోధివృక్ష పూజను చెక్కి వాడుకున్నారు. మూడు వందల ఏళ్ల తరువాత స్తూపాన్ని కొత్తగా తీర్చుకునే వేళ అదే పలకను తిప్పి, ఖాళీగా ఉన్న వైపున స్తూపాన్ని చెక్కి, పాత బొమ్మను లోపలివైపు పెట్టి మళ్లీ తాపారు.