బడి మూసిన దినములు

ఏప్రిలు నెలాఖరున కొండాపురము రైలు స్టేషనులో నిలువబడి చూచినయెడల సెలవులు వచ్చినవని ఎవరును చెప్పనక్కరలేదు. హాస్టలు పిల్లలు సంచులు మోసికొని యిండ్లకు మరలుచుందురు. పై ఊరినుండి వచ్చి పాఠములు చెప్పు ఉపాధ్యాయులు గుంతకల్లు వైపునకో, కడప వైపునకో బండి ఎక్కుదురు. బడికి తాళము పడును. జూను మాసము వచ్చువరకు ఆ తాళము తీయువారుండరు. బడి నడచు దినములలో గురువు చేయు పని అందరికిని కనబడును. బడి మూసిన దినములలో ఆయన ఏమి చేయునో అంతగా ఎవరును అడుగరు.

ఈ కాలమున మన యిండ్లలోని యువజనులు కొందరు చదువు ముగించుకొని, జీతము లేకుండ పరదేశములో కొన్ని నెలలు పాఠములు చెప్పవలెననియు, అక్కడి బడి సెలవులలో ఆ దేశమంతయు చూచి రావలెననియు కోరుచున్నారు. ఈ కోరిక విని కొందరు పెద్దలు ఇది సేవ అందురు. మరికొందరు సేవ పేరిట విహారమందురు. ఎవరి మాట నిజము? ప్రియ చదువరులారా, ఈ ప్రశ్నను మనకంటె ముందు నడచినవారి జీవితములయొద్దకు తీసికొనిపోవుదము. అందుకై దూరము పోనక్కరలేదు. మన కడపనుండియే ప్రారంభింపవచ్చును.

1820వ సంవత్సరము ఆగష్టు మాసమున 21 ఏండ్ల యువకుడొకడు కడపకు వచ్చెను. అతడే చార్లెస్ ఫిలిప్ బ్రౌను. తండ్రి డేవిడ్ బ్రౌను కలకత్తాలో క్రైస్తవ బోధకుడు. కుమారుడు మాత్రము కుంఫిణీ ఉద్యోగి, కలెక్టరునకు సహాయకుడు. శిస్తు లెక్కలు, వ్యాజ్యములు అతని పనియేగాని బడులు అతని పని కాదు. అయినను 1821లో కడపలో రెండు ఉచిత పాఠశాలలు తన ఖర్చుతో పెట్టించెను. తరువాత మచిలీపట్టణమునకు బదిలీయైనప్పుడు అక్కడను అటులనే చేసెను. అతని జీతము మన రైతుల శిస్తునుండి వచ్చినదేయని మరువరాదు. కాని ఆ జీతములో కొంత మన బిడ్డల పలకలకు తిరిగి వచ్చెననుటయు నిజమే.

అయితే బ్రౌను మనకు గురువగుటకు ముందు మనకు శిష్యుడాయెను. మన పండితులయొద్ద కూర్చుండి తెలుగు నేర్చుకొనెను. కడపలో బంగళా కొని అందులో పండితులకు జీతములిచ్చి, చెదలు తినుచున్న తాటాకు గ్రంథములకు ప్రతులు వ్రాయించెను. వేమన పద్యములను సేకరించి 1829లో అచ్చు వేయించెను. తరువాత 1830ల దశకమున అతడు కొన్ని సంవత్సరములు ఇంగ్లండులో ఉండెను. ఆ విరామమున అతడు లండనులోని ఇండియా హౌసు గ్రంథాలయమునకు పోయి, అక్కడ మూలబడియున్న దక్షిణదేశపు వ్రాతప్రతులను పరిశీలించి, అవి మద్రాసునకు చేరునట్లు పాటుపడెను. కడపలో అతని బంగళా ఉండిన స్థలమున నేడు అతని పేర గ్రంథాలయమున్నది. దానికొరకు జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారు ఎంతగానో శ్రమించిరి.

బ్రౌను కడపలో బడులు పెట్టించిన మరుసటి సంవత్సరమే, అనగా 1822లో, లండను మిషనువారు కడపలో పని ప్రారంభించిరి. జమ్మలమడుగు క్యాంప్‌బెల్ ఆసుపత్రి ఆ మిషను నాటిన చెట్టు ఫలమే. ఆ దినములలో ఎండాకాలము వచ్చినప్పుడు తెల్లవారు అనేకులు కొండలకు పోవుచుండిరి. మదనపల్లె దగ్గరి హార్స్‌లీ కొండలకు ఆ పేరు వచ్చినది అక్కడ ఇల్లు కట్టుకొనిన కడప కలెక్టరును బట్టియే. అమెరికా మిషనెరీలు 1845నుండి కోడైకానలులో ఇండ్లు కట్టుకొనిరి. దీనిని మనము తేలికగా నిందింపరాదు. ఎందుకనగా ఎండలకును, జ్వరములకును తాళలేక మరణించినవారు చాలమంది.

ఇందుకు హెన్రీ వాట్సన్ ఫాక్సు జీవితమే సాక్ష్యము. ఆయనయు రాబర్టు నోబులును 1841లో కలిసి మచిలీపట్టణమునకు వచ్చిరి. ఫాక్సు ఊరూరు తిరిగి బోధించువాడు. నోబులు ఒకచోట కూర్చుండి పాఠము చెప్పువాడు. 1845లో ఫాక్సు భార్యను పోగొట్టుకొనెను. ఆరోగ్యము చెడి స్వదేశమునకు మరలి, 1848లో 31 ఏండ్లు నిండక మునుపో నిండిన వెంటనేయో అనునంతటి చిన్న వయస్సున మరణించెను. ఆయన చదువుకొనిన రగ్బీ పాఠశాల విద్యార్థులు ఆయన జ్ఞాపకార్థము చందాలు వేసికొని, మచిలీపట్టణపు బడిలో ఒక ఉపాధ్యాయుని జీతము భరించిరి. సముద్రము దాటి రాలేని పిల్లలు కూడ ఆ విధముగా మన దేశమున పాఠము చెప్పించిరి.

నోబులు మార్గము వేరు. 1843 నవంబరు 21న ఆయన బడి తెరచెను. 1852లో ఆ బడి విద్యార్థులు ఇద్దరు బాప్తిస్మము పొందగా ఊరిలో అలజడి పుట్టి, తలిదండ్రులు పిల్లలను మాన్పించిరి. బడి దాదాపు ఖాళీ ఆయెను. నోబులు ఊరు విడువలేదు. మెల్లమెల్లగా పిల్లలు మరల వచ్చిరి. 1864 నవంబరు 1న ఉప్పెన వచ్చి పట్టణమును ముంచివేసి వేలాదిమందిని పొట్టను పెట్టుకొనినది. అప్పుడును ఆయన అక్కడనే యుండెను. మరుసటి ఏడు అక్టోబరులో ఆయన ఆ ఊరనే కన్ను మూసెను. వచ్చిన నాటినుండి 24 సంవత్సరములలో ఒకసారియైనను ఇంగ్లండునకు మరలిపోలేదు.

మనవారును పరదేశమునకు పోయిరి. 1860నుండి నేటాలు చెరకు తోటలకు కూలికి వెళ్లిన భారతీయులలో తెలుగువారు అనేకులు. వారికి తమ భాషలో బోధించువాడు కావలసివచ్చెను. తెలుగు బాప్టిస్టు సంఘములవారు కాసులు కూర్చి 1903లో జాన్ రంగయ్యగారిని దక్షిణాఫ్రికాకు పంపిరి. ఆ సంవత్సరము డిసెంబరులోనే కియర్స్నీ అను తేయాకు తోటలో సంఘము ఏర్పడెను. 1915లో ఆయన మరణించెను. సొంత ఊరిలో ధనవంతులు కాని సంఘములు పరదేశమునకు బోధకుని పంపుట మన చరిత్రలో చిన్న సంగతి కాదు.

పిదప కాలము మారెను. బ్రిటనులో అలెక్ డిక్సన్ 1958లో, బడి ముగించిన యువకులను ఒక్క ఏడాదికై పరదేశములకు పంపు సంస్థను ప్రారంభించెను. అమెరికా 1961లో శాంతిదళమును ఏర్పరచి రెండేండ్ల గడువు పెట్టెను. ఆ దళమువారు 1976వరకు మన దేశమున పనిచేసిరి. జీవితకాలపు సేవ ఏండ్లలో లెక్కింపబడు సేవ ఆయెను. ఇప్పుడు కొందరు వారములలో లెక్కించుచున్నారు. రెండు వారములు ఉండి వెళ్లు గురువు పేరు పిల్లలు నేర్చుకొనునంతలో వీడ్కోలు వచ్చును. ఆ పిల్లల భాష అతడు నేర్చుకొనుటకు వ్యవధియే లేదు.

అపొస్తలుడైన పౌలును కూడ ఇక్కడ తలంచుకొనవలెను. ఆయన కొరింథులో డేరాలు కుట్టి తన జీవనము తాను గడుపుకొనుచు ఏడాదిన్నర బోధించెను. ఎఫెసులో రెండేండ్లు ఒక పాఠశాలలో దినదినము బోధించెను. ఆయన ప్రయాణములు అనేకము. అయినను ఆ ప్రయాణములలో మునుపు బోధించిన ఊళ్లకు మరల పోయి, వారెటులున్నారో చూచుట ఆయనకు అలవాటు.

కాబట్టి పరదేశమునకు పోగోరు బిడ్డను మనము ఆపనక్కరలేదు. ఊళ్లు చూడవద్దని చెప్పనక్కరలేదు. విశ్రాంతి పాపము కాదు. ఫాక్సు సమాధి ఆ సంగతి చెప్పుచున్నది. కాని బయలుదేరుటకు ముందు ఆ బిడ్డ తన్ను తాను కొన్ని ప్రశ్నలు అడుగుకొనవలెను. ఆ పిల్లల భాషలో కుశలప్రశ్నయైనను వేయగలనా? నేను వెళ్లిన తరువాత నా పాఠమును కొనసాగించు స్థానిక ఉపాధ్యాయుడు ఉన్నాడా, లేక నా రాకవలన అతని పని పోవునా? సెలవులు వచ్చినప్పుడు ప్రసిద్ధ స్థలములకే పోవుదునా, లేక నా విద్యార్థి యింటికి పిలిచినచో అక్కడను ఒక పూట కూర్చుండి తిందునా? ఈ చివరి ప్రశ్న చిన్నదిగా కనబడును. అయినను పాఠము చెప్పునప్పుడు మనము పైన నిలువబడుదుము. పరుల యింట భోజనమునకు కూర్చుండినప్పుడు సమానులమగుదుము.

మన ప్రాంతపు పిల్లలకు ఇది బాగుగా తెలియవలసిన సంగతి. గండికోట జలాశయము నిండినందున ఈ మండలములోని ఊళ్లవారు ఇండ్లు, పొలములు విడిచి క్రొత్త స్థలములకు తరలిరి. అట్టి బిడ్డకు పాఠము చెప్పవచ్చినవాడు పుస్తకము తెరచుటకు ముందు ఆమె విడిచివచ్చిన ఊరు పేరు అడుగవలెను. అడిగి, ఆమె చెప్పునంతసేపు వినవలెను. పరదేశమున మన బిడ్డలును అటులనే చేయుదురు గాక.

రాబోవు వేసవిలో కొండాపురము బడికి మరల తాళము పడును. ఆ తాళము వెనుక బల్లలు ఖాళీగా ఉండును గాని పిల్లలు ఊరిలోనే యుందురు. వారియొద్దకు పోవుటకు ఓడయు, విమానమును అక్కరలేదు. పరదేశమునకు పోవలెనని ఆశించు యువజనులారా, మొదటి సెలవులు ఇక్కడనే ఒక వీధి అరుగుమీద, నలుగురు పిల్లల నడుమ గడిపి చూడుడి. అక్కడ నిలువగలిగినవారు ఎక్కడికి పోయినను నిలుతురు.