సురేకారం, బీట్‌రూట్, నాన్న పిక్కలు

నాన్నకి ఊరికే ఫోన్ చూసే అలవాటు లేదు. అందుకే పోయిన సంక్రాంతికి గుంటూరు వెళ్ళినప్పుడు, కూరగాయలకని బయల్దేరి దారిలో మూడుసార్లు ఆగి జేబులోంచి ఫోన్ తీస్తే వింతగా అనిపించింది. మూడోసారి వెనకనుంచి తొంగిచూశాను. స్క్రీన్ ఆన్ చేసి కూడా లేదు.

"పిక్క పట్టేస్తోందిరా. రెండు నిమిషాలాగితే అదే పోతుంది," అన్నాడు, ఏదో దొంగతనం దొరికిపోయినట్టు.

జర్మన్ భాషలో ఈ జబ్బుకి ఒక పేరుంది. తెలుగులో చెప్పాలంటే 'షాపుల అద్దాలు చూసే జబ్బు'. కాలు నొప్పెట్టి ఆగిపోయిన మనిషి, ఎవరైనా గమనిస్తారేమోనని పక్క షాపు అద్దంలో బొమ్మలు చూస్తున్నట్టు నటిస్తాడు కాబట్టి. నాన్న నడిచే వీధిలో అద్దాల షాపుల్లేవు. ఫోన్ ఉంది.

వైద్యులు వాడే పేరు ఇంటర్మిటెంట్ క్లాడికేషన్. లాటిన్‌లో కుంటడం అని అర్థం. దీన్ని మొదట నమోదు చేసింది మనుషుల డాక్టరు కాదు. 1831లో బూలే అనే ఫ్రెంచ్ పశువైద్యుడు ఒక గుర్రంలో చూశాడు: కాసేపు నడిపిస్తే వెనకకాలు కుంటుతుంది, నిలబెడితే మామూలైపోతుంది. కాలికి వెళ్ళే ధమని పూడుకుపోయింది. 1858లో షార్కో అదే కథని మనిషిలో చెప్పాడు. కూర్చున్నప్పుడు కండకి కావలసిన రక్తం ఆ సన్నబడిన దారిలోంచి ఎలాగో అందుతుంది. నడిస్తే అవసరం ఎన్నోరెట్లు పెరుగుతుంది, దారి మాత్రం పెరగదు. పిక్క ఆకలితో అరుస్తుంది. చీలమండ దగ్గర బీపీని చేతి బీపీతో భాగిస్తే 0.9 కంటే తక్కువొస్తే అనుమానించాలంటారు. నాన్నకి 0.7 వచ్చింది. షుగరు ఉంది. అన్నిటికీ మించి ముప్ఫయ్యేళ్ళు పొగాకు వ్యాపారంలో గుమాస్తాగా పనిచేసి, ఆ సరుకుని నోటితో కూడా పరీక్షించినవాడు. గుంటూరులో ఇది పెద్ద విశేషమేమీ కాదు.

డాక్టరు సిగరెట్ మానమన్నాడు, మాత్రలు రాశాడు, నొప్పి వచ్చేదాకా నడిచి, ఆగి, మళ్ళీ నడవమన్నాడు. విషయం తెలిసిన డల్లాస్ అక్క వారంలోపల ఒక డబ్బా పంపింది. బీట్‌రూట్ పొడి. డబ్బా మీద నైట్రేట్, నైట్రిక్ ఆక్సైడ్, రక్తప్రసరణ అనే మాటలు పెద్దక్షరాల్లో ఉన్నాయి. అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి ఒకటే అడిగింది: "ఇది తిండా, మందా?"

ఆ ప్రశ్నకి జవాబు వెతుకుతూ వెళ్తే చాలా దూరం తేలాను.

మన భాషలో మందు అనే మాటకి ఉన్నన్ని అర్థాలు ఇంకే భాషలోనైనా ఉన్నాయా అని నా అనుమానం. జ్వరానికి వేసుకునేది మందు, సాయంత్రం తాగేది మందు, పొలంలో చల్లేది మందు, తుపాకిలో కూరేదీ మందే. నైట్రేట్ చరిత్ర చూస్తే ఈ గందరగోళం భాషది కాదేమో అనిపిస్తుంది. తుపాకిమందులో మూడొంతులు సురేకారం, అంటే పొటాషియం నైట్రేట్. రెండుమూడు వందల ఏళ్ళపాటు ఐరోపా యుద్ధాలకి కావలసిన సురేకారంలో పెద్దభాగం బీహార్ నుంచి వెళ్ళింది. నూనియాలనే కులం వాళ్ళు పశువుల కొట్టాల దగ్గరా, ఊరి గోడల వెంటా తెల్లగా పొంగిన మట్టిని గీకి, నీళ్ళలో కలిపి, వడగట్టి, కాచి గడ్డకట్టించేవారు. ఆ మట్టిలో పశువుల మూత్రాన్ని నైట్రేట్‌గా మార్చేది బాక్టీరియా అని తేలడానికి 1877 దాకా పట్టింది. ష్లోసింగ్, మ్యూంట్జ్ అనే ఇద్దరు ఫ్రెంచివాళ్ళు తేల్చారు. ఈ బాక్టీరియా సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది, మట్టిలో కాదు, నోట్లో. అబుల్ ఫజల్ 'అయినీ అక్బరీ'లో ఇంకో ముచ్చట రాశాడు: తుపాకిమందులో మంట పుట్టించే సురేకారంతోనే అక్బర్ దర్బారులో తాగేనీళ్ళు చల్లబరిచేవారట. సురేకారం నీళ్ళలో కరిగేటప్పుడు చుట్టూ ఉన్న వేడిని పీల్చుకుంటుంది, అంతే. కానీ ఒకే పదార్థం కాలుస్తుంది, చల్లబరుస్తుంది అనేది మాత్రం ఈ కథకి సరిపోయే మొదలు.

ఇక్కడ ఒక పొరపాటుని పక్కకి జరపాలి. నైట్రేట్, గుండె అనగానే అందరికీ నైట్రోగ్లిజరిన్ గుర్తొస్తుంది. 1846లో టూరిన్‌లో సొబ్రేరో తయారుచేశాడు, నాలుకకి తగిలించుకుంటే తలపోటు వచ్చింది. నోబెల్ దాంతో డైనమైట్ చేశాడు. 1879లో లండన్‌లో మరెల్ గుండెనొప్పికి వాడి చూపించాడు. ఆఖరికి నోబెల్ గుండెకే డాక్టర్లు దాన్ని రాశారు. కథ బావుంది కాబట్టి బీట్‌రూట్ డబ్బాలు అమ్మేవాళ్ళు దీన్ని తమ ఖాతాలో వేసుకుంటుంటారు. కానీ నైట్రోగ్లిజరిన్ సేంద్రియ నైట్రేట్, నాలుక కింద పెట్టుకుంటే నిమిషాల్లో పనిచేస్తుంది, ఆకుకూరలో ఉండేది మామూలు లవణం. ఇద్దరూ ఒకే ఇంటిపేరున్న వేరే మనుషులు. కూరల్లోని నైట్రేట్‌ని ఇరవయ్యో శతాబ్దం దాదాపు మొత్తం నిరుపయోగంగానో నేరస్థుడిగానో చూసింది.

నేరారోపణ 1945లో మొదలైంది. అయోవాలో హంటర్ కోమ్లీ అనే డాక్టరు, పొలాల్లోని బావినీళ్ళతో పాలు కలిపి పట్టిన పసిపిల్లలు నీలిరంగులోకి మారడం గమనించి, ఆ నీళ్ళలోని నైట్రేట్ కారణమని రాశాడు. రక్తం ఆక్సిజన్ మోయలేని స్థితిలో పడుతుంది. ఈ రోజు మన తాగునీటికి లీటరుకి 45 మిల్లీగ్రాముల నైట్రేట్ హద్దు ఉందంటే ఆ పిల్లలే కారణం. 1956లో మెగీ, బార్న్స్ ఒక నైట్రోసమీన్ ఎలకల కాలేయంలో కేన్సర్ తెస్తుందని చూపించారు. నైట్రేట్ నుంచి నైట్రైట్, నైట్రైట్ నుంచి కడుపులో నైట్రోసమీన్ అని లెక్క కట్టారు. ఒక మనిషి రోజుకి ఎంత నైట్రేట్ తినొచ్చో కూడా హద్దు పెట్టారు: కిలో బరువుకి 3.7 మిల్లీగ్రాములు. 70 కిలోల మనిషికి 259.

ఈ భయం తప్పని నేననడంలేదు. చంటిపిల్లల విషయంలో, నిలవ మాంసం విషయంలో ఇప్పటికీ జాగ్రత్త కావలసిందే. కానీ ఆ నలభై ఏళ్ళూ ఒక పాత కాగితం అల్మారాలో పడి ఉంది. 1916లోనే మిచెల్, అతని తోటివాళ్ళు ఒక విచిత్రం చూశారు: మనిషి తిన్న నైట్రేట్ కంటే మూత్రంలో పోయే నైట్రేట్ ఎక్కువ. జమకంటే ఖర్చు ఎక్కువైతే గుమాస్తాకి నిద్ర పట్టదు. శాస్త్రవేత్తలకి మాత్రం అరవై ఏళ్ళకి పైగా నిద్ర బాగానే పట్టింది. ఎంఐటీలో టానెన్‌బామ్ బృందం మళ్ళీ లెక్కలు తీసింది, అదీ కేన్సర్ భయంతోనే. నైట్రేట్ ఒంట్లోనే తయారవుతోందని తేలింది. పరీక్షకి ఒప్పుకున్న ఒకరికి జ్వరం, విరేచనాలు వస్తే మూత్రంలో నైట్రేట్ అమాంతం పెరిగింది.

ఎందుకు తయారుచేస్తోంది? దీనికి జవాబు ఇంకో గదిలో దొరికింది. 1980లో ఫర్చ్‌గాట్, రక్తనాళం లోపలి పొర ఏదో వాయువేగంతో మాయమయ్యే సంకేతం పంపి గోడల్ని సడలిస్తోందని చూపించాడు. 1987కి ఆ సంకేతం నైట్రిక్ ఆక్సైడ్ అని తేలింది. కొన్ని సెకన్లు బతికే వాయువు. 1998లో ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్‌లకి నోబెల్ వచ్చింది. మొంకాదాకి రాలేదు, దాని మీద గొడవ ఇప్పటికీ నడుస్తుంది. మూత్రంలోని ఆ అదనపు నైట్రేట్ ఈ వాయువు కాలిపోయాక మిగిలిన బూడిద.

బూడిదని ఎవరు పట్టించుకుంటారు? స్టాక్‌హోమ్‌లో లుండ్‌బెర్గ్, వైట్జ్‌బెర్గ్ పట్టించుకున్నారు, స్కాట్లండ్‌లో బెంజమిన్ పట్టించుకున్నాడు. 1994లో లుండ్‌బెర్గ్ బృందం మనుషుల త్రేన్పులోని గాలిని కొలిచింది. నిజంగానే. కడుపులోంచి వచ్చే గాలిలో నైట్రిక్ ఆక్సైడ్ గుట్టలుగా ఉంది. ఎసిడిటీ మాత్ర వేస్తే పడిపోయింది, నైట్రేట్ తింటే పెరిగింది. క్రమంగా దారి మొత్తం బయటపడింది. తిన్న నైట్రేట్ రక్తంలో కలుస్తుంది. అందులో దాదాపు పాతికశాతాన్ని లాలాజల గ్రంథులు పనిగట్టుకుని పట్టి నోట్లోకి తెస్తాయి. నాలుక వెనకభాగంలో కాపురముండే బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తాయి. మనం ఉమ్ము మింగుతాం. నైట్రైట్ రక్తంలోకి వెళ్ళి, అవసరమైనచోట నైట్రిక్ ఆక్సైడ్ అవుతుంది. బాక్టీరియాని చంపే మౌత్‌వాష్‌తో పుక్కిలిస్తే ఈ దారి దాదాపు మూసుకుపోతుంది.

అసలు అందం ఇక్కడుంది. రక్తనాళం లోపలి పొర నైట్రిక్ ఆక్సైడ్ తయారుచేయాలంటే ఆక్సిజన్ కావాలి. ఈ రెండో దారికి ఆక్సిజన్ అక్కర్లేదు. ఆక్సిజన్ తగ్గి, ఆమ్లం పెరిగినచోటే ఇది చురుగ్గా పనిచేస్తుంది. మా భాషలో ఫాల్‌బ్యాక్ అంటాం: మెయిన్ సర్వర్ పడిపోయినప్పుడే లేచేది. ఆక్సిజన్ లేక, ఆమ్లం పెరిగి అరుస్తున్న చోటు ఇంకేది? నాన్న పిక్క.

ఈ ముక్క చదివిన రాత్రి నేను అక్కకి ఫోన్ చేసి ఇంకో రెండు డబ్బాలు పంపమని చెప్పబోయాను. ఆరోజు సిగ్నల్ లేకపోవడం మంచిదైంది.

ఎందుకంటే ఇంతే అందమైన ఇంకో లెక్క ఉండేది. నైట్రిక్ ఆక్సైడ్‌కి ముడిసరుకు ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లం. ముడిసరుకు ఎక్కువిస్తే సరుకు ఎక్కువ రావాలి. 2007లో ఇలాంటి కాళ్ళ జబ్బున్న 133 మందికి ఆరునెలలపాటు సగంమందికి ఆర్జినిన్, సగంమందికి ఉత్తుత్తి మాత్రలు ఇచ్చి చూశారు. ఉత్తుత్తి మాత్రలు మింగినవాళ్ళే ఎక్కువ దూరం మెరుగయ్యారు. ఆ పరిశోధనకి నొప్పి లేకుండా అనే అర్థం వచ్చేలా ముద్దుపేరు కూడా పెట్టుకున్నారు పాపం.

బీట్‌రూట్‌కి ఇంకా అంత పెద్ద పరీక్ష ఎదురవలేదు. 2006లో లార్సెన్, అతని తోటివాళ్ళు 17 మంది ఆరోగ్యవంతులకి మూడురోజులు నైట్రేట్ ఇస్తే కింది బీపీ కొంచెం తగ్గింది. ఆ తర్వాత సైకిల్ తొక్కేవాళ్ళు, పరుగెత్తేవాళ్ళు ఎగబడ్డారు. కాళ్ళ రోగుల వంతు 2011లో వచ్చింది. అమెరికాలో కెంజలే, అలెన్ బృందం రోగులకి 500 మిల్లీలీటర్ల బీట్‌రూట్ రసం ఇచ్చి మూడుగంటల తర్వాత నడిపించింది. నొప్పి సగటున 183వ సెకనుకి మొదలయ్యేది 215కి మొదలైంది. ఇక నడవలేనని ఆగిపోవడం 467 నుంచి 533కి జరిగింది. అంటే ఒక నిమిషం పైచిలుకు. పెద్ద ధమనులు పెద్దగా విప్పారలేదు, కండ మాత్రం ఉన్న ఆక్సిజన్‌తో మెరుగ్గా సర్దుకున్నట్టు కనిపించింది.

ఎంతమంది రోగులు? ఎనిమిది.

మా ఆఫీసులో ఎనిమిదిమంది యూజర్ల మీద పరీక్షించి ఫీచర్ విడుదల చేస్తానంటే మేనేజర్ నవ్వుతాడు. పైగా అర లీటరు ఎర్రటి రసం తాగిన మనిషికి తనేం తాగాడో దాచడం కష్టం, కొందరికి మూత్రం కూడా ఎర్రబడుతుంది. ఎక్సెటర్ వాళ్ళు రంగూ రుచీ అలాగే ఉంచి నైట్రేట్ ఒక్కటే తీసేసిన రసం వాడి ఈ చిక్కు విప్పారు. 2018లో అలెన్, వెస్నర్ వాళ్ళు అలాంటి రసంతో పోల్చి, 12 వారాల నడక శిక్షణతో కలిపి చూశారు. నైట్రేట్ తాగి నడిచినవాళ్ళకి ఎక్కువ లాభం కనిపించింది. అదీ చిన్న పరిశోధనే. రెండు గుంపులూ నడిచాయన్నది మర్చిపోకూడదు.

నడక సంగతికొస్తే, 1966లోనే డెన్మార్క్‌లో లార్సెన్ (ఇతను వేరే లార్సెన్), లాసెన్ కొద్దిమంది రోగులతో రోజూ నడిపించి చూపించారు. ఆ తర్వాత ఎన్నో పరిశోధనలు అదే చెప్పాయి. కానీ నడకని డబ్బాలో పోసి అమ్మలేం కదా.

2011లో వాళ్ళిచ్చిన నైట్రేట్ ఎంతో లెక్కేశాను: సుమారు 558 మిల్లీగ్రాములు. పాత భయం పెట్టిన 259 హద్దుకి రెట్టింపు పైన. ఒక శతాబ్దం విషమన్న మోతాదుని ఇంకో శతాబ్దం మందంటోంది. కూరల్లోని నైట్రేట్‌ని బావినీళ్ళతో ఒకే గాట కట్టడం తప్పని ఇప్పుడు చాలామంది వాదిస్తున్నారు, నాకూ అది సబబుగానే తోస్తుంది. పాలకూర, తోటకూర తరతరాలుగా తింటున్నవాళ్ళం. అయినా డబ్బా మీద నైట్రేట్ ఎన్ని మిల్లీగ్రాములో రాయలేదు. పొడిలో చక్కెర ఉంది, నాన్నకి షుగరుంది, బీపీ మాత్రలున్నాయి. డాక్టరుకి డబ్బా ఫోటో పంపాం. చిన్న చెంచాతో తీసుకోవచ్చు, షుగర్ చూసుకోండి, నడక మాత్రం ఆపకండి అన్నాడు.

నాన్న పాత ఖాతా పుస్తకంలో కొత్త పేజీ తెరిచాడు. తేదీ, నొప్పి మొదలయ్యేలోపు దాటిన కరెంటు స్తంభాలు, ఆగినసార్లు. సంక్రాంతికి నాలుగు స్తంభాలు. ఉగాదికి ఆరు. మొన్న ఎనిమిది. మధ్యలో సిగరెట్ మానాడు, నడక మొదలుపెట్టాడు, పొడి తాగాడు. మూడూ ఒకే నెలలో. ఏ మార్పు వల్ల బగ్ పోయిందో తెలియాలంటే ఒక్కొక్కటే మార్చాలి నాన్నా అన్నాను. "నా కాలు నీ ప్రాజెక్టు కాదురా," అన్నాడు.

ఆదివారం అక్క వీడియో కాల్‌లో డబ్బా అయిపోయిందా, ఇంకోటి పంపనా అని అడిగింది. నాన్న విననట్టే ఖాతా పుస్తకం తెరిచి నావైపు తిరిగాడు. వీధి మలుపులో కరెంటు వాళ్ళు కొత్తగా ఒక స్తంభం పాతారట, దాన్ని లెక్కలో కలపాలా వద్దా అని అడుగుతున్నాడు.