ఓజోను వైద్యం: పూర్వాపరాలు



మోకాళ్ల నొప్పులకూ, షుగరుకూ, పక్షవాతానికీ ఓజోను వైద్యం పనిచేస్తుందా అని నర్సీపట్నంలో మనవాళ్లు నన్ను అడుగుతుంటారు. నేను వైద్యుణ్ణి కాను, గుమస్తాను. పాత ఫైలు తీయనిదే నోటు పెట్టే అలవాటు లేదు. అందుచేత ఓజోను ఫైలే తిరగేశాను.

మనం పీల్చే ప్రాణవాయువులో రెండు పరమాణువులుంటే, ఓజోనులో మూడు. పిడుగు పడ్డాక వచ్చే ఘాటు వాసన దీనిదే. స్విట్జర్లాండులోని బాసెల్ నగరంలో షోన్‌బైన్ అనే ఆచార్యుడు 1839-40లో దీన్ని గుర్తించి, వాసన అనే అర్థమున్న గ్రీకు మాటతో పేరు పెట్టాడు. 1857లో జర్మనీకి చెందిన సీమెన్స్ దీన్ని తయారుచేసే గొట్టం నిర్మించాడు. 1906లో ఫ్రాన్సులోని నీస్ పట్టణం తాగునీటిని ఓజోనుతో శుద్ధి చేయసాగింది. ఆ పద్ధతి నేటికీ అనేక దేశాల్లో ఉంది.

ఆ రోజుల్లోనే సముద్రపు గాలిలో ఓజోను ఉంటుంది, అది ఆరోగ్యమిస్తుంది అని ఐరోపా వారు నమ్మారు. మన వాల్తేరుకు కూడా దొరల కాలంలో గాలిమార్పు ఊరని పేరు. తీరా చూస్తే ఆ వాసన ఓజోనుది కాదు, సముద్రపు నాచుదీ సూక్ష్మజీవులదీ అని తరువాత తేలింది. పేరు మాత్రం మిగిలిపోయింది.

మొదటి ప్రపంచయుద్ధంలో సైనికుల కుళ్లిన గాయాలకు ఓజోను పట్టించారు. తరువాత జర్మనీలో రోగి రక్తం కొంత తీసి, ఓజోను కలిపి, తిరిగి ఎక్కించే పద్ధతి వచ్చింది. అదే నేడు మన నగరాల దాకా వచ్చింది.

ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటుంది. నీటిలో క్రిములను చంపే గుణమే ఊపిరితిత్తులనూ గాయపరుస్తుంది. ఓజోను విషవాయువు, దానికి రుజువైన వైద్య ప్రయోజనం లేదు అని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 1976లో నియమావళిలో రాసింది. నరంలోకి నేరుగా వాయువు ఎక్కిస్తే ప్రాణానికే ముప్పు. నడుము డిస్కు నొప్పికి ఇచ్చే ఓజోను ఇంజెక్షన్లపై పరిశోధనలు జరిగాయి. అది వేరే సంగతి. ఒక నొప్పికి చేసిన పరీక్ష సకల రోగాలకూ సాక్ష్యం కాదు.

మన దేశంలో 1954 నాటి చట్టమొకటి మధుమేహం, కాన్సరు, పక్షవాతం వంటివి నయం చేస్తామనే మందుల ప్రకటనలను నిషేధించింది. కనుక అటువంటి కరపత్రం చేతికొస్తే, డబ్బు కట్టేముందు మీ వైద్యుడికి చూపించండి. ఇన్సులిన్, బీపీ మాత్రలు మాత్రం ఎవరి మాటపైనా మానకండి. పింఛను వచ్చే నెల మళ్లీ వస్తుంది, పోయిన ఆరోగ్యం రాదని మనవి.