రొయ్యల వలలో తాబేలు చిక్కకుండా 'టెడ్': పనిచేసే తీరు, మన మార్కెట్‌తో సంబంధం

ఏలూరు, తాడేపల్లిగూడెం, కైకలూరు, ఆకివీడు ప్రాంతాల వాళ్లకు రొయ్య అంటే చెరువులో పెంచే వనామీ. కాకినాడ, మచిలీపట్నం, నిజాంపట్నం బోట్లు తెచ్చేది సముద్రపు రొయ్య. విదేశీ కొనుగోలుదారు ఈ రెంటినీ వేర్వేరుగా చూస్తాడు. ఆ తేడాకి కారణం ఒక తాబేలు.

సమస్య ఏమిటి?
ఆలివ్ రిడ్లీ తాబేళ్లు ఏటా చలికాలంలో మన తీరానికి వచ్చి ఇసుకలో గుడ్లు పెడతాయి. కాకినాడ దగ్గరి హోప్ ఐలాండ్ వాటికి పేరున్న చోటు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో వీటికి రక్షణ ఉంది. తాబేలు నీటిలో ఉన్నా ఊపిరికి పైకి రావాల్సిందే. ట్రాల్ వల ఒక్కోసారి రెండు మూడు గంటలు నీటి అడుగున లాగుతారు. అందులో చిక్కిన తాబేలు ఊపిరాడక చనిపోతుంది. సీజన్‌లో ఒడ్డుకు కొట్టుకొచ్చే కళేబరాలకు ఇదొక ముఖ్య కారణం.

టెడ్ ఎలా పనిచేస్తుంది?
వల చివరి సంచికి ముందు ఏటవాలుగా ఒక ఇనుప జల్లెడ బిగిస్తారు. రొయ్యలు, చిన్న చేపలు ఊచల సందుల్లోంచి సంచిలోకి పోతాయి. తాబేలు ఊచలకు తగిలి, పక్కనే కోసి ఉంచిన కంతలోంచి బయటపడుతుంది. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ (సిఫ్ట్) మన బోట్లకు సరిపడే టెడ్ తయారుచేసి సముద్రంలో పరీక్షించింది. ఆ పరీక్షల్లో రొయ్యల నష్టం 1 శాతం లోపే, మిగతా చేపల నష్టం సుమారు 3 శాతం.

అయినా బిగించరెందుకు?
డీజిల్, ఐస్, కూలీల ఖర్చు పోగా మిగిలేదే బోటువాడి లాభం. పెద్ద చేప కంతలోంచి పోతే ఆ రోజు కష్టం పోయినట్టే అని భయం. చెత్త అడ్డుపడితే జల్లెడ మూసుకుపోతుందన్న ఫిర్యాదూ ఉంది. అందుకే ఉచితంగా ఇచ్చిన చోట కూడా వాడకం అంతంతమాత్రమే.

అమెరికా షరతు
1989 నాటి అమెరికా చట్టం 609వ సెక్షన్ ప్రకారం, తాబేళ్లకు రక్షణ లేని పద్ధతిలో పట్టిన సముద్రపు రొయ్యకు ఆ దేశంలో ప్రవేశం లేదు. భారత్, పాకిస్తాన్, మలేషియా, థాయ్‌లాండ్ దీన్ని ప్రపంచ వాణిజ్య సంస్థలో సవాలు చేశాయి. తాబేళ్ల రక్షణ ఉద్దేశాన్ని తప్పుపట్టలేం, అమలులో వివక్ష ఉంది అని 1998లో తీర్పు వచ్చింది. 2019లో మన సముద్రపు రొయ్యపై నిషేధం పడింది. చెరువు రొయ్యకు ఇది వర్తించదు. కాబట్టి కొల్లేరు రైతుకు నేరుగా దెబ్బ లేదు. నష్టం తీరంలోని బోట్లది, వాటిమీద బతికే కూలీలది.

ఇప్పుడున్న నియమాలు
* ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరబోట్లకు వేట నిషేధం. గుడ్లు పెట్టే కాలం చాలావరకు దానికి ముందే అయిపోతుంది. అందుకే నిషేధం ఒక్కటే సరిపోదు.
* తీరం నుంచి 8 కిలోమీటర్ల లోపు మరబోట్లు వేటాడకూడదు. తాబేళ్లు ఎక్కువగా గుమిగూడేది ఒడ్డుకు దగ్గర్లోనే.

ఈ హద్దు పాటించి, వలకు టెడ్ కూడా బిగిస్తే మూగజీవి ప్రాణం నిలుస్తుంది, మూసుకున్న మార్కెట్ తెరుచుకునే దారీ దొరుకుతుంది. పోయే కాస్త చేపకు బోటువాడికి పరిహారం ఎవరిస్తారన్నది తేలితేనే ఆ జల్లెడ వలలో నిలుస్తుంది.