రేకు వేషం కట్టిన పాంథర్

జర్మన్ పాంథర్ ట్యాంకుకు ఒక్కో పక్క ఎనిమిది పెద్ద చక్రాలుంటాయి, ఒకదాని మీదికి ఒకటి ఎక్కినట్టు అల్లుకుని. అమెరికన్ ఎం10 ట్యాంక్ డిస్ట్రాయర్‌కు ఒక్కో పక్క ఆరే, అవీ చిన్నవి, రెండేసి చొప్పున మూడు బోగీల మీద విడివిడిగా కనిపిస్తాయి. 1944 శీతకాలంలో జర్మన్లు ఐదు పాంథర్లకు ఎం10 వేషం కట్టారు. టరెట్ మారింది, ముందుభాగం మారింది, వెనకభాగం మారింది, రంగు మారింది, గుర్తులు మారాయి. చక్రాలు మాత్రం మారలేదు. మార్చడం కుదిరే పని కాదు. ఆ ట్యాంకును ప్లాస్టిక్ మోడల్‌గా కట్టాలనుకునే ప్రతి ఒక్కరినీ మొదట ఆకర్షించేది, ఆఖరుదాకా వెంటాడేది ఆ చక్రాలే.

ఈ వేషం వెనక ఉన్న మనిషి ఓటో స్కోర్జెనీ. 1943లో ముస్సోలినీని పర్వతం మీది నిర్బంధం నుంచి తప్పించిన దాడితో పేరు మోగిన ఎస్.ఎస్. అధికారి. 1944 అక్టోబర్ 22న హిట్లర్ అతణ్ణి తూర్పు ప్రష్యాలోని తన స్థావరానికి పిలిపించి కొత్త పని అప్పగించాడు. డిసెంబర్‌లో ఆర్డెన్స్ అడవుల మీదుగా పెద్ద దాడి జరగబోతోంది. ఆ గందరగోళంలో అమెరికన్ల వేషంలో ముందుకు దూసుకుపోయి మ్యూజ్ నది మీది వంతెనలను పేల్చివేతకు గురికాకుండా పట్టుకోవాలి. దీనికి ‘గ్రైఫ్’ అని పేరు పెట్టారు. ఇందుకోసమే 150వ పాంజర్ బ్రిగేడ్ పుట్టింది. గ్రాఫెన్‌వోర్‌లో శిక్షణ.

శిక్షణకు జనం వచ్చారు కానీ సామాను రాలేదు. ఫ్రంటు మీద చిక్కిన అమెరికన్ బళ్ళన్నీ పంపమంటే, వాటిని పట్టుకున్న దళాలు వదులుకోలేదు. షెర్మన్ ట్యాంకులు చివరికి రెండే చేతికొచ్చాయి. ఇంగ్లీషు తడబడకుండా మాట్లాడేవాళ్ళను కూడా వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అమెరికన్ ట్యాంకులు లేనప్పుడు ఉన్న జర్మన్ ట్యాంకులకే ముసుగు తొడగాలి.

ఎం10నే ఎందుకు ఎంచుకున్నారో రెండు బళ్ళ బొమ్మలూ పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది. షెర్మన్ నిలువుగా, గుండ్రంగా ఉంటుంది. పాంథర్‌ను ఆ ఆకారంలోకి దించడం ఎవరివల్లా కాదు. ఎం10 ఒళ్ళంతా ఏటవాలు పలకలే. పాంథర్ ఒళ్ళూ అంతే. బరువులో మాత్రం పొంతన లేదు: ఎం10 సుమారు 30 టన్నులు, పాంథర్ 45.

పనివాళ్ళు పాంథర్ టరెట్ మీది కమాండర్ గుండ్రటి బురుజును తీసేసి మామూలు మూత పెట్టారు. టరెట్ చుట్టూ పల్చటి ఇనుప రేకులు బిగించి, వెనక ఎం10కు ఉండే బరువు దిమ్మలాంటి ఆకారం అంటించారు. ముందు కింది భాగానికి ఎం10 ముక్కులా కనిపించే రేకు వంచి అమర్చారు. పక్కల ఉండే పెట్టెలు తీసేశారు. ఎత్తడానికి వాడే కొక్కేల దగ్గర్నుంచి సామాను కట్టుకునే బ్రాకెట్ల దాకా నకలు చేసి అతికించిన ఓపిక వాళ్ళది. మీదినుంచి ఆలివ్ డ్రాబ్ రంగు, దాని మీద పెద్ద తెల్లని నక్షత్రాలు. పక్కన అమెరికన్ 5వ ఆర్మర్డ్ డివిజన్, 10వ ట్యాంక్ బెటాలియన్ గుర్తులు. బి4, బి5, బి7, బి10 లాంటి బండి నంబర్లు. ఇక్కడొక తప్పు దొర్లింది. అమెరికన్ సైన్యంలో ఎం10లు ఉండేది ట్యాంక్ డిస్ట్రాయర్ బెటాలియన్లలో. మామూలు ట్యాంక్ బెటాలియన్లో కాదు. అది తెలిసిన అమెరికన్ దగ్గరగా వచ్చి చదివితే అనుమానించడానికి ఆ అక్షరాలే చాలు.

వాటిని దగ్గరగా చదవడానికి రాయలేదనేదే ఇక్కడ అసలు సంగతి. మన ఊళ్ళలో పగటివేషగాళ్ళు పట్టపగలు గడప ముందుకొచ్చి నిలబడి వేషం రక్తి కట్టిస్తారు. ఈ పాంథర్లది అందుకు పూర్తిగా తలకిందులైన వేషం: చీకట్లో, దూరంలో, భయంలో ఉన్న కళ్ళ కోసం కట్టింది. రాత్రిపూట, చాలా దూరం నుంచి, అనుభవం లేని కుర్ర సైనికుల్ని మాత్రమే ఇవి మోసగించగలవని స్కోర్జెనీయే యుద్ధం తర్వాత ఒప్పుకున్నాడు.

ఏ వేషమైనా ఏ దూరం నుంచి, ఏ దిక్కు నుంచి చూసే కంటి కోసం కట్టారన్న దాని మీదే నిలుస్తుంది. దీనికి ఉత్తర ఆఫ్రికాలో అంతకుముందే మంచి రుజువు దొరికింది. తర్వాత మన దేశానికి వైస్రాయ్‌గా వచ్చిన ఆర్చిబాల్డ్ వేవెల్, 1941లో మధ్యప్రాచ్యంలో సేనాపతిగా ఉన్నప్పుడు, ట్యాంకు మీద లారీ ఆకారపు గుడ్డ కప్పితే ఎలా ఉంటుందో చేత్తో బొమ్మ గీశాడు. చట్రం మీద కాన్వాసు బిగించి, నిలువునా రెండు ముక్కలుగా విడిపోయేలా చేసిన ఆ కప్పుకు ‘సన్‌షీల్డ్’ అని పేరు. ఎల్ అలమీన్ యుద్ధానికి ముందు, 1942 సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో, సినిమా దర్శకుడు జెఫ్రీ బార్కస్ నడిపించిన కామఫ్లాజ్ విభాగం ఇలాంటివి 722 వాడింది. అక్కడ చూసే కన్ను విమానంలో ఉంది. పైనుంచి చూస్తే కింద గొలుసులున్నాయా, టైర్లున్నాయా అన్నది తెలియదు. లారీ పైకప్పు కనిపిస్తే చాలు. పాంథర్లకు ఆ సౌకర్యం లేదు. అవి నేల మీద, పక్కనుంచి చూసే సైనికుణ్ణి మోసం చేయాలి. పక్కనుంచి చూసేవాడికి ముందు కనిపించేవి చక్రాలే.

డిసెంబర్ 16న దాడి మొదలైంది. జర్మన్ బళ్ళు సందు రోడ్ల మీద చిక్కుకుపోయాయి. మ్యూజ్ వంతెనలు అందవని రెండు రోజుల్లోనే తేలిపోయింది. వేషం పని అక్కడితో అయిపోయింది. బ్రిగేడును మామూలు పోరాట దళంలాగే మాల్మెడీ పట్టణం మీదికి డిసెంబర్ 21న తోలారు. అక్కడ అమెరికన్ 30వ ఇన్‌ఫాంట్రీ డివిజన్ కాచుకుని ఉంది. కాగితం మిల్లు దగ్గర ఫ్రాన్సిస్ కర్రీ అనే 19 ఏళ్ళ సైనికుడు బజూకాతో ఒక ట్యాంకును నిలువరించాడు. ఆ రోజు చూపిన తెగువకు మెడల్ ఆఫ్ ఆనర్ వచ్చింది. వేషం కట్టిన పాంథర్లను ఆ చుట్టుపక్కలే వదిలేసి పోయారు. అమెరికన్ ఇంజనీర్లు రేకులు లాగి చూసి, ఫొటోలు తీసి, రిపోర్టు రాసుకున్నారు. ఇవాళ మోడల్ కట్టేవాళ్ళకు ఆధారం ఆ ఫొటోలూ ఆ రిపోర్టే.

ఈ బండిని ప్రేమగా కట్టేవాళ్ళు దాని వెనకున్న రక్తాన్ని మరచిపోకూడదు. మాల్మెడీ పక్కనే బోనే కూడలిలో, ఆ పట్టణం మీది దాడికి నాలుగు రోజుల ముందు, ఎస్.ఎస్. దళాలు లొంగిపోయిన అమెరికన్ ఖైదీలను కాల్చి చంపాయి. చనిపోయినవాళ్ళు 84 మంది. అమెరికన్ యూనిఫాంలో జీపుల్లో చొరబడి దొరికిపోయిన జర్మన్లలో ముగ్గుర్ని డిసెంబర్ 23న ఆన్రీ శాపెల్‌లో గూఢచారులుగా కాల్చేశారు. 1947లో డాకౌలో స్కోర్జెనీ మీద, అతనితో పాటు మరికొందరి మీద విచారణ జరిగింది. శత్రు వేషంలో వెళ్ళడం వేరు, ఆ వేషంలో కాల్పులు జరపడం వేరు అన్న వాదన మీద నడిచిన కేసు అది. తమవాళ్ళూ జర్మన్ యూనిఫాం వాడారని బ్రిటిష్ అధికారి యో థామస్ చెప్పిన సాక్ష్యం ముద్దాయిలకు కలిసొచ్చింది. అందరూ నిర్దోషులుగా బయటపడ్డారు. న్యాయం సంగతి ఎలా ఉన్నా, ఆ మనిషిని వీరుణ్ణి చేయడానికి ఈ మోడల్ సాకు కాకూడదని నా గట్టి అభిప్రాయం.

ఇక ప్లాస్టిక్ సంగతి. ట్యాంకు మోడళ్ళలో ప్రపంచమంతా వాడే 1/35 కొలత పుట్టిందే పాంథర్ నుంచి. జపాన్‌లోని షిజుఒకాలో తమియా కుటుంబానిది 1946లో మొదలైన కలప వ్యాపారం. అదే కొయ్య బొమ్మల వ్యాపారమైంది. 1960లో వాళ్ళు తెచ్చిన మొదటి ప్లాస్టిక్ కిట్, యమాటో యుద్ధనౌక, నష్టమే మిగిల్చింది. తర్వాత మోటారుతో నడిచే పాంథర్ ట్యాంకు తెచ్చారు. పెట్టె మీద షిగెరు కొమత్సుజాకి వేసిన బొమ్మ. పిల్లలు ఎగబడి కొన్నారు. లోపల మోటారూ రెండు బ్యాటరీలూ పట్టాలన్న లెక్కతోనే దాని సైజు నిర్ణయించారు. మరికొన్ని ట్యాంకులు అదే కొలతలో చేద్దామని షున్‌సకు తమియా తర్వాత కొలిచి చూస్తే అది అసలులో సుమారు 35వ వంతు ఉంది. బ్యాటరీ కొలత అలా ప్రపంచ ప్రమాణమైంది. వేషం కట్టిన పాంథర్ కావాలంటే చాలాకాలం ఔత్సాహికులు మామూలు పాంథర్ కిట్ కొని ప్లాస్టిక్ పలకలు కోసి తామే అతికించుకునేవాళ్ళు. తర్వాత హాంకాంగ్ సంస్థ డ్రాగన్ లాంటివి నేరుగా ఆ రూపంలోనే కిట్లు తెచ్చాయి.

కట్టడంలో అసలు చిక్కు రేకుల మందం. మూడు మిల్లీమీటర్ల రేకును 35తో భాగిస్తే మిల్లీమీటరులో పదో వంతుకు లోపే వస్తుంది. అచ్చులో పోసిన ప్లాస్టిక్ అంత పల్చగా రాదు. కిట్‌లో వచ్చిన ముక్కల్ని అలాగే అతికిస్తే అవి కవచంలా దిట్టంగా కనిపిస్తాయి, రేకులా కనిపించవు. అంచుల్ని వెనకనుంచి గీకి పల్చబరచడం ఒక దారి. పల్చటి ఇత్తడి ముక్కలు వాడటం ఇంకొకటి. నాకు ఇష్టమైనది మూడోది: వాడేసిన ఆయింట్‌మెంట్ ట్యూబును కోసి, కడిగి, చెంచా వెనకతో సాఫు చేస్తే మెత్తటి అల్యూమినియం రేకు దొరుకుతుంది. గోటితో నొక్కితే సొట్ట పడుతుంది, మూల వంగుతుంది. 1944లో హడావుడిగా వెల్డింగ్ చేసిన రేకు ఎలా ఉండాలో అచ్చం అలాగే వస్తుంది. ప్లాస్టిక్ సిమెంటు దీన్ని పట్టుకోదు; సూపర్ గ్లూ వాడాలి.

ఈ బండికి జిమ్మరిట్ పూత వేయాల్సిన పని లేదు. అయస్కాంత మందుపాతరలు అంటుకోకుండా జర్మన్లు పూసే ఆ గరుకు పూతను 1944 సెప్టెంబర్‌లోనే ఆపేశారు. పాంథర్ మోడలర్లకు అది పెద్ద ఊరట.

రంగు దగ్గర నేను రెండు పొరలుగా ఆలోచిస్తాను. కింద ఎర్ర ప్రైమర్, దాని మీద హెయిర్ స్ప్రే, ఆపైన ఆలివ్ డ్రాబ్. ఆరాక తడి బ్రష్షుతో రుద్దితే పై రంగు అక్కడక్కడ ఊడి కింది ఎరుపు బయటపడుతుంది. పాంథర్ సొంత కవచం మీద ఇలా చేసి, అతికించిన రేకుల మీద మాత్రం గీతల్లో ఇనుపరంగూ తుప్పూ చూపిస్తే, ఏది అసలు ఒళ్ళో ఏది ముసుగో చూసేవాళ్ళకు చెప్పకుండానే తెలుస్తుంది. ఆలివ్ డ్రాబ్‌ను సీసాలోంచి తీసి నేరుగా కొడితే ఇంత చిన్న బొమ్మ మీద నల్లగా కనిపిస్తుంది. కొంచెం లేత గోధుమ రంగు కలపాలి. నక్షత్రాలకు నీటి స్టిక్కర్ల కంటే కాగితం మూస కోసి తెల్లరంగు చల్లడం మేలు. తర్వాత బురద. ఎనిమిది చక్రాల సందుల్లో బురద పట్టించడానికే ఒక సాయంత్రం పడుతుంది, దాన్ని నేను ఎప్పుడూ కుదించను.

టరెట్‌ను ఎడమకు, గడియారంలో తొమ్మిదో అంకె వైపు తిప్పి అతికిస్తాను. తమవాళ్ళు గుర్తుపట్టి కాల్చకుండా ఉండటానికి ఈ బ్రిగేడ్ ట్యాంకులు ఫిరంగిని అలా పెట్టుకోవాలన్నది వాళ్ళు అనుకున్న సంకేతం. బండ్ల వెనక చిన్న పసుప్పచ్చ త్రిభుజం మరో సంకేతం. అమెరికన్ గుర్తుల మధ్య ఆ త్రిభుజం గీసేటప్పుడు చెయ్యి కాస్త నెమ్మదిస్తుంది.

పూర్తయ్యాక ఒక పరీక్ష ఉంది. అదే కొలతలో ఎం10 మోడల్‌ను దీని పక్కన బల్ల మీద పెట్టండి. 1/35లో ఆరు మీటర్ల దూరమంటే యుద్ధభూమిలో 210 మీటర్లు. పగటి వెలుతురులో ఆరు మీటర్ల నుంచి చూస్తే చక్రాలు చటుక్కున పట్టిచ్చేస్తాయి. కిటికీ తెర వేసి, మరో నాలుగు మీటర్లు వెనక్కి జరగండి. ఇప్పుడు 350 మీటర్లు. రెండింటిలోనూ ఏటవాలు ఒళ్ళు, తెల్లటి నక్షత్రం, పొడుగాటి గొట్టం తప్ప ఇంకేమీ తేలవు. రెండు మోడళ్ళ కింది భాగాన్ని అట్టముక్కతో కప్పి మళ్ళీ వెలుతురులో చూడండి. గ్రాఫెన్‌వోర్‌లో ఆ రేకులు కోసినవాళ్ళు ఎంత బాగా కోశారో అప్పుడే తెలుస్తుంది.